సర్వర్ నమస్కారం పెట్టింది, బ్యాకప్ ఆగిపోయింది: ఒక బాష్‌ఆర్‌సీ కేసు

ఈ కేసు రాస్తానని ఆ సంస్థ ఓనర్ గారికి ముందే చెప్పా, పేరు ఊరు రాకుండా రాసుకోండి అన్నారు. అందుకే మనుషుల గురించి, వ్యాపారం గురించి కొన్ని వివరాలు మార్చేశా. టెక్నికల్ విషయం మాత్రం జరిగింది జరిగినట్టే ఉంటుంది. నేను చిన్న సంస్థలకి లినక్స్ సర్వర్లు చూసిపెడుతుంటా, షెల్ (మనం కొట్టే కమాండ్లని నడిపే ప్రోగ్రాం; ఇక్కడ దాని పేరు బాష్, దాని సెట్టింగుల ఫైలు ఒకటి బాష్‌ఆర్‌సీ) సెట్టింగుల వల్ల వచ్చే తంటాలు చాలానే చూశా, కానీ ఒక్క ఎకో లైను (తెర మీద ఒక మాట ప్రింట్ చెయ్యమనే కమాండ్) వల్ల ఇరవైమూడు రోజులు బ్యాకప్ లేకుండా పోవడం ఇదే మొదటిసారి.

నేపథ్యం

కోస్తాలో ఒక టౌన్లో ఏడుగురు పనిచేసే సంస్థ, వ్యాపారులకి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేసిస్తారు. క్లౌడ్లో ఒక ఉబుంటు సర్వర్ ఉంది, కస్టమర్ల డేటా, స్కాన్ చేసిన బిల్లులు అన్నీ అందులోనే. ఆఫీసులో ఒక మూల ఇంకో ఉబుంటు 22.04 బాక్సు ఉంటుంది, రోజూ రాత్రి 2 గంటలకి అందులో క్రాన్ (టైంకి పనులు నడిపేది) లేచి ఆర్‌సింక్‌తో (ఫైళ్ళు కాపీ చేసే ప్రోగ్రాం) ఎస్ఎస్‌హెచ్ (దూరంలో ఉన్న సర్వర్‌కి భద్రంగా వెళ్ళే దారి) మీదుగా సర్వర్లో ఫైళ్ళన్నీ ఇటు లాక్కుంటుంది. ఈ ఏర్పాటు రెండేళ్ళ కింద నేనే చేసిచ్చా. బ్యాకప్ ఫెయిలైతే ఫోన్‌కి మెసేజ్ వచ్చేలా కూడా పెట్టా, మెసేజ్ ఏమీ రావట్లేదు కాబట్టి అంతా బాగానే ఉందని అందరం నమ్మాం.

సర్వర్ రోజువారీ పని చూసేది ఒక కుర్రాడు, చేరి ఏడాది కూడా కాలేదు, చురుకైనవాడు, ఏదైనా చెప్తే వెళ్ళి చదువుకుని వస్తాడు. కేసంతా అతని చుట్టూ తిరుగుతుంది కాబట్టి ముందే చెప్తున్నా, అతను చేసిన పనులు ఒక్కొక్కటి విడిగా చూస్తే ఏదీ తప్పు పని కాదు.

ఏం జరిగింది

ఒక సోమవారం పొద్దున ఓనర్ గారు ఫోన్ చేశారు. "ఏవండీ, గురువారం స్కాన్ చేసిన బిల్లుల ఫోల్డర్ ఎవరో పొరపాటున డిలీట్ చేశారు, బ్యాకప్‌లోంచి తీద్దామంటే అందులో ఇరవైమూడు రోజుల కిందటి ఫైళ్ళే ఉన్నాయండీ, ఆ తర్వాతవి ఒక్కటీ లేవు" అన్నారు. కాగితం బిల్లులు ఇంకా కట్టలు కట్టి ఆఫీసులోనే ఉన్నాయి కాబట్టి బతికిపోయారు, ఇద్దరు కూర్చుని రెండ్రోజులు మళ్ళీ స్కాన్ చేశారు. అవి కూడా లేకపోయుంటే ఏమయ్యేదో తల్చుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది.

నేను చేసేలోపే కుర్రాడు ఫోన్ చేశాడు. "అన్నా, నేను చూశా, చేత్తో ఆర్‌సింక్ కొడితే ప్రోటోకాల్ వెర్షన్ మిస్‌మ్యాచ్ అంటోంది, రెండు వైపులా వెర్షన్లు వేరుగా ఉన్నాయి, అప్‌గ్రేడ్ చేసేశా, అయినా అదే వస్తోంది" అన్నాడు.

ఆ ఎర్రర్ మొదటి సగం చదివితే ఎవరైనా అదే అనుకుంటారు. కానీ ఆ లైను అక్కడితో అయిపోదు, చివర్లో "ఈజ్ యువర్ షెల్ క్లీన్?" అని ఒక ప్రశ్న ఉంటుంది. అసలు సంగతంతా ఆ ప్రశ్నలోనే ఉంది. ఆర్‌సింక్ అవతలి వైపు నుంచి మొదటి నాలుగు బైట్లు చదివి అదే ప్రోటోకాల్ నంబర్ అనుకుంటుంది, ఆ నాలుగు బైట్ల ముందు ఇంకెవరైనా మాట్లాడితే ఆ మాటల్నే నంబర్ అనుకుని, ఇదేంటి ఇంత పెద్ద వెర్షన్ అని ఆగిపోతుంది. ఆర్‌సింక్ 3.1.3 అయినా 3.2.7 అయినా ప్రోటోకాల్ నంబర్ 31 దగ్గరే ఉంటుంది, పైగా వేర్వేరు వెర్షన్లు ఒకదానితో ఒకటి సర్దుకునేలానే దాన్ని రాశారు. అందుకని అప్‌గ్రేడ్ దారి అక్కడితో వదిలేశా.

ముందు కాపీ, తర్వాతే కారణం

మొదటి నిర్ణయం ఏంటంటే కారణం వెతకడం కాదు, ముందు ఇవ్వాళ్టి డేటా ఒక కాపీ ఎక్కడో ఒకచోట ఉండాలి. క్లౌడ్ ప్యానెల్‌లోకి వెళ్ళి డిస్కు స్నాప్‌షాట్ ఒకటి తీయించా. ఇరవైమూడు రోజులు బ్యాకప్ లేని సర్వర్ మీద కూర్చుని ప్రయోగాలు చెయ్యకూడదు, నేను అలా ఒకప్పుడు చేసి బాధపడ్డవాడినే.

స్నాప్‌షాట్ అయ్యాక ముఖ్యమైన ఫోల్డర్ ఒకటి నా ల్యాప్‌టాప్‌కి తెచ్చుకుందామని ఎస్‌సీపీ (ఎస్ఎస్‌హెచ్ మీదుగా ఫైళ్ళు కాపీ చేసే కమాండ్) కొట్టా. "రిసీవ్డ్ మెసేజ్ టూ లాంగ్ 3769673952" అని వచ్చి ఆగింది, దాని కింద అవతలి షెల్ ఏమీ ప్రింట్ చెయ్యకుండా చూసుకోమని ఇంకో లైను.

ఈ నంబర్ దగ్గర కాసేపు ఆగుతా, ఎందుకంటే చాలామంది దీన్ని చూసి ఏదో పెద్ద ఫైల్ సైజు అనుకుని వదిలేస్తారు. ఓపెన్ఎస్ఎస్‌హెచ్ 9.0 నుంచి, అంటే 2022 నుంచి, ఎస్‌సీపీ లోపల ఎస్ఎఫ్‌టీపీ అనే ఫైళ్ళు పంపే పద్ధతే వాడుతుంది. ఆ పద్ధతిలో మొదటి నాలుగు బైట్లు రాబోయే మెసేజ్ పొడుగు చెప్పాలి. ఇక్కడ పొడుగు బదులు వేరే ఏదో వచ్చింది, దాన్నే పొడుగు అనుకుని చదివింది. అంటే ఆ నంబర్ని వెనక్కి విప్పితే అవతల ఎవరు మాట్లాడారో తెలిసిపోతుంది. కాగితం మీద 256తో భాగించుకుంటూ వెళ్ళా, నాలుగు బైట్లు వచ్చాయి: 224, 176, 168, 224.

మామూలుగా ఇంగ్లీష్ మాటలైతే ఒక్కో బైటూ 128 కంటే తక్కువే ఉంటుంది. 224తో మొదలైందంటే అది ఇంగ్లీష్ కాదు. యూటీఎఫ్-8లో, అంటే అక్షరాల్ని బైట్లుగా రాసే పద్ధతిలో, మన తెలుగు అక్షరం ఒక్కొక్కటి మూడు బైట్లు, ప్రతిదీ 224తోనే మొదలవుతుంది. 224, 176, 168 అంటే "న". ఆ తర్వాత 224 అంటే ఇంకో తెలుగు అక్షరం మొదలు. న తర్వాత ఇంకో అక్షరంతో సర్వర్లో ఎవరు ఏం రాసుంటారు?

"ఆ సర్వర్లో లాగిన్ అయితే నమస్కారం అని ఏమన్నా వస్తుందా?" అని అడిగా.

కుర్రాడు ఒక్క క్షణం ఆగాడు. "వస్తుందన్నా, నేనే పెట్టా. కానీ అది లాగిన్ అయినప్పుడే కదా వచ్చేది, దానికీ బ్యాకప్‌కీ ఏంటి సంబంధం?"

ఆ ప్రశ్నకి జవాబే ఈ కేసులో అసలు పాఠం, అందుకని కొంచెం వివరంగా చెప్తా.

బాష్ ఎప్పుడు ఏ ఫైలు చదువుతుంది

లాగిన్ షెల్ అయితే ముందు సిస్టం ప్రొఫైల్ చదివి, తర్వాత హోం డైరెక్టరీలో డాట్ బాష్‌ప్రొఫైల్, డాట్ బాష్‌లాగిన్, డాట్ ప్రొఫైల్, ఈ మూడిట్లో ముందు దొరికిన ఒక్కదాన్నే చదువుతుంది. లాగిన్ కాకుండా మనిషి టైప్ చేసే షెల్ అయితే, అంటే డెస్క్‌టాప్‌లో టెర్మినల్ తెరిచినట్టు, డాట్ బాష్‌ఆర్‌సీ చదువుతుంది. స్క్రిప్టు నడిపేటప్పుడు రెండూ చదవదు. ఇంతవరకు అందరికీ తెలిసిందే, కుర్రాడికీ తెలుసు.

తెలియనిది ఏంటంటే, ఎస్ఎస్‌హెచ్‌తో ఒక కమాండ్ పంపినప్పుడు, అంటే లాగిన్ అవ్వకుండా "వెళ్ళి ఈ పని చేసి రా" అన్నప్పుడు, ఉబుంటు, డెబియన్‌లో బాష్ తనని నెట్‌వర్క్ నుంచి ఎవరో పిలిచారని గుర్తుపట్టి బాష్‌ఆర్‌సీ చదువుతుంది. అక్కడ మనిషి ఎవరూ లేరు, టైప్ చేసేవాళ్ళు లేరు, అయినా చదువుతుంది. ఎస్ఎస్‌హెచ్‌కి ముందు వాడిన ఆర్ఎస్‌హెచ్ కాలం నుంచీ ఉన్న అలవాటు ఇది, బాష్ మాన్యువల్‌లో కూడా రాసే ఉంటుంది. ఆర్‌సింక్, ఎస్‌సీపీ, గిట్, ఇవన్నీ ఎస్ఎస్‌హెచ్ మీదుగా వెళ్ళేటప్పుడు ఈ దారిలోనే వెళ్తాయి. అందులో ఏ ఎకో ఉన్నా ఆ మాటలు మన కంటికి కాదు, నేరుగా అవతల ఉన్న ప్రోగ్రాం నోట్లో పడతాయి.

కుర్రాడు దీన్ని పరీక్షించలేదా అంటే పరీక్షించాడు. సర్వర్లో లాగిన్ అయ్యి, బాష్ మైనస్ సీ తో ఒక కమాండ్ నడిపి చూశాడు, నమస్కారం రాలేదు, షెల్ శుభ్రంగానే ఉంది అనుకున్నాడు. కానీ లోపల ఉండి పిలిస్తే అది ఇంకో షెల్ కడుపులో పుట్టిన షెల్, నెట్‌వర్క్ నుంచి వచ్చింది కాదు, అందుకే బాష్‌ఆర్‌సీ ముట్టుకోలేదు. బయట నుంచి వచ్చే దారిని బయట నుంచే పరీక్ష చెయ్యాలి, లోపల కూర్చుని చేసే పరీక్ష ఎన్నిసార్లు పాసైనా దాని వల్ల ఏమీ తెలీదు.

మొదటి ప్రయత్నాలు

బాష్‌ఆర్‌సీలో నమస్కారం లైను, దానితో పాటు ఉన్న డిస్కు ఖాళీ చెప్పే లైన్లు కామెంట్ చేయించా, అంటే నడవకుండా ఆపించా. ఆర్‌సింక్ మళ్ళీ అదే ఎర్రర్. ఎస్‌సీపీ కొట్టా, ఈసారి నంబర్ మారింది: 1315927840. విప్పితే 78, 111, 119, 32, అంటే ఇంగ్లీష్‌లో "నౌ", పక్కన ఒక ఖాళీ. బాష్‌ఆర్‌సీ అడుగున ఎన్‌వీఎం (జావాస్క్రిప్ట్ నడిపే నోడ్ అనే ప్రోగ్రాం వెర్షన్లు మార్చుకునే సాధనం) లైన్లు ఉన్నాయి, వాటి కింద కుర్రాడు ఎన్‌వీఎం యూజ్ 20 అని ఒక లైను పెట్టాడు, అది నడిచిన ప్రతిసారీ "నౌ యూజింగ్ నోడ్" అని చెప్తుంది. అంటే మాట్లాడేవాళ్ళు ఒకరు కాదు ఇద్దరు, మొదటివాడి నోరు మూస్తే రెండోవాడి గొంతు వినపడింది.

ఇక్కడ నేను చేసిన పొరపాటు ఒకటి చెప్పాలి. నంబర్లు విప్పడంలో పడి అసలు సులువైన పరీక్ష మర్చిపోయా. ఎస్ఎస్‌హెచ్‌తో సర్వర్‌కి ట్రూ అనే కమాండ్ పంపి వచ్చిందాన్ని ఒక ఫైల్లో పెట్టుకోవడం, అంతే. ట్రూ అనేది ఏమీ ప్రింట్ చెయ్యని కమాండ్, కాబట్టి ఆ ఫైలు సైజు సున్నా ఉండాలి, ఒక్క బైటు ఉన్నా షెల్ మాట్లాడుతున్నట్టే. ఆర్‌సింక్ మాన్యువల్‌లో ఈ పరీక్షే చెప్తారు. ఇది మొదటే చేసి ఉంటే నమస్కారం, డిస్కులో ఎంత ఖాళీ ఉందో చెప్పే లైన్లు, నౌ యూజింగ్ నోడ్, మూడూ ఒకే ఫైల్లో వరుసగా కనపడేవి, పావుగంట కలిసొచ్చేది.

కుర్రాడు రెండు సలహాలు ఇచ్చాడు. ఒకటి, ఎస్ఎస్‌హెచ్‌కి మైనస్ క్యూ ఇద్దాం, నిశ్శబ్దంగా ఉంటుంది కదా అని. అది ఇటువైపు ఎస్ఎస్‌హెచ్ తనంతట తాను చెప్పే హెచ్చరికల్ని ఆపుతుంది గానీ అవతల షెల్ ప్రింట్ చేసేదాన్ని ఆపలేదు, పెట్టి చూశాం, తేడా లేదు. రెండోది, ఎకోలన్నీ ఎర్రర్ దారిలోకి మళ్ళిద్దాం, అంటే >&2 అని పెడదాం అని. ఇది నిజంగా పనిచేస్తుంది, ఎస్ఎస్‌హెచ్ ఆ రెండు దారుల్నీ విడివిడిగానే మోస్తుంది, ఆర్‌సింక్‌కి అడ్డు రాదు. అయినా నేను వద్దన్నా. ఎందుకంటే అప్పుడు రోజూ రాత్రి బ్యాకప్ లాగ్‌లో నమస్కారం ఒక ఎర్రర్ లాగా పడుతుంది, రోజూ కనపడే ఎర్రర్ని నాలుగు రోజులకి ఎవరూ చదవరు, రేపు నిజమైన ఎర్రర్ వచ్చినా దాని కిందే దాక్కుంటుంది. పైగా రేపు ఇంకొకరు వచ్చి మళ్ళింపు లేకుండా కొత్త ఎకో పెడతారు. మనిషి లేనిచోట ఆ లైన్లు అసలు నడవకూడదు, మనకి కావాల్సింది అదీ.

కాపలా లైను ఏమైంది

ఇక్కడే నాకు ఒక సందేహం వచ్చింది. ఉబుంటు ఇచ్చే బాష్‌ఆర్‌సీలో మొట్టమొదటే ఒక కాపలా ఉంటుంది. $- అనే వేరియబుల్‌లో ఐ అనే అక్షరం ఉందా లేదా చూస్తుంది, లేకపోతే మనిషి లేడని అర్థం, అక్కడే రిటర్న్ అయిపోతుంది, కింద లైన్లేవీ నడవవు. అది ఉంటే ఈ గొడవే రాకూడదు కదా. ఫైలు తెరిస్తే ఆ నాలుగు లైన్లూ లేవు.

సర్వర్లో ఫైల్ని మేం ఇప్పుడే మార్చాం కాబట్టి, స్నాప్‌షాట్‌లో ఉన్న ఫైలు మీద స్టాట్ (ఫైలు వివరాలు చూపే కమాండ్) కొట్టి చూస్తే, అది చివరిసారి మారిన తేదీ సరిగ్గా ఇరవైమూడు రోజుల కిందట సాయంత్రం. ఆ రాత్రి నుంచే బ్యాకప్ ఆగింది. కుర్రాడిని అడిగితే దాచకుండా చెప్పాడు. రోజూ పొద్దున 6 గంటలకి ఆఫీసు బాక్సు నుంచి ఎస్ఎస్‌హెచ్‌తో సర్వర్‌కి ఒక నోడ్ స్క్రిప్టు నడపమని పంపుతారు, నిన్నటి అమ్మకాల రిపోర్టు ఓనర్ గారికి వెళ్తుంది. ఎన్‌వీఎంకి మారిన రోజు నుంచి ఆ పని "నోడ్: కమాండ్ నాట్ ఫౌండ్" అని ఫెయిలైంది. చేత్తో లాగిన్ అయి కొడితే మాత్రం నోడ్ బాగానే ఉంది. వెతుక్కుంటే కారణం దొరికింది: ఎన్‌వీఎం తన లైన్లు బాష్‌ఆర్‌సీ అడుగున పెడుతుంది, కాపలా పైనే ఆపేస్తుంది, కాబట్టి పాత్‌లోకి, అంటే షెల్ కమాండ్లని వెతికే డైరెక్టరీల జాబితాలోకి, నోడ్ రాదు. కాపలా తీసేశాడు, రిపోర్టు వచ్చింది, అందరూ సంతోషించారు. నమస్కారం అప్పటికే ఆ ఫైల్లో చాలా రోజులుగా ఉంది, కాపలా కింద ఉన్నంతకాలం ఎవరికీ ఏ ఇబ్బందీ పెట్టలేదు.

ఇది తెలిశాక కూడా నేను ఆ సాయంత్రం కాపలా తిరిగి పెట్టించా, ముందు బ్యాకప్ నడవాలి అని. నడిచింది, రెండు గంటలు పట్టింది గానీ పూర్తిగా వచ్చింది. మర్నాడు పొద్దున 6 గంటలకి అనుకున్నట్టే రిపోర్టు ఫెయిలైంది, ఎగ్జిట్ కోడ్ 127, అంటే కమాండ్ దొరకలేదని. ఓనర్ గారికి ముందే చెప్పి ఉంచా, ఒక్కరోజు రిపోర్టు చేత్తో పంపిస్తాం అని, అందుకని గొడవ కాలేదు. ఎవరో ఒక లైను తీసేశారంటే దానికి వాళ్ళకో అవసరం ఉంటుంది, ఆ అవసరం తీర్చకుండా లైను తిరిగి పెడితే వారంలో మళ్ళీ తీసేస్తారు.

చివరికి నిలబడిన ఏర్పాటు

బాష్‌ఆర్‌సీలో ఉన్న లైన్లన్నీ ఒక కాగితం మీద రాసి కుర్రాడిని పక్కన కూర్చోబెట్టుకున్నా, వీడియో కాల్లోనే లెండి. ఒక్కో లైనుకీ ఒకటే ప్రశ్న వేశా: ఇది మనిషికా, ప్రోగ్రాంకా, ఇద్దరికీనా?

రంగుల ప్రాంప్ట్ (కమాండ్ కొట్టే చోట ముందు కనపడే మాట), అలియాస్‌లు (కమాండ్లకి పెట్టుకున్న పొట్టి పేర్లు), హిస్టరీ సైజు, ట్యాబ్ కొడితే పేరు పూర్తయ్యే సెట్టింగు, నమస్కారం, డిస్కు ఖాళీ, ఇవన్నీ మనిషికి. ఇవి కాపలా కిందకి. పాత్, ఇంకో రెండు ఎక్స్‌పోర్ట్ వేరియబుల్స్, ఇవి ఇద్దరికీ కావాలి. వీటికి విడిగా ఒక చిన్న ఫైలు చేశాం, అందులో ఎక్స్‌పోర్ట్ లైన్లు తప్ప ఇంకేమీ ఉండకూడదని పైన తెలుగులోనే కామెంట్ రాశాం. బాష్‌ఆర్‌సీలో కాపలాకి పైన ఒకే ఒక్క లైను, ఆ ఫైల్ని చదవమని. ఒకే పాత్ మళ్ళీ మళ్ళీ చేరకుండా, ముందే ఉందేమో చూసి లేకపోతేనే చేర్చేలా రాశాం, లేకపోతే షెల్ లోపల షెల్ తెరిచిన కొద్దీ పాత్ చాంతాడంత అవుతుంది.

నోడ్ దగ్గర కొంచెం ఆలోచించాల్సి వచ్చింది. ఎన్‌వీఎం మొత్తాన్ని కాపలా పైకి తెచ్చేద్దాం అన్నాడు కుర్రాడు. వద్దన్నా, రెండు కారణాలు. అది పెద్ద స్క్రిప్టు, చదవడానికే టైం పడుతుంది, ప్రతి ఎస్ఎస్‌హెచ్ కమాండ్‌కీ ఆ ఆలస్యం కట్టాలి. రెండోది, ఇవాళ నౌ యూజింగ్ అంటోంది, రేపు ఇంకేదైనా అనొచ్చు, మన చేతిలో లేని స్క్రిప్టుని కాపలా పైన పెట్టకూడదు. రిపోర్టు స్క్రిప్టులోనే నోడ్ పూర్తి పాత్ రాసేద్దాం అంటే అది బాగానే ఉంటుంది గానీ, ఆ పాత్‌లో వెర్షన్ నంబర్ ఉంటుంది, నోడ్ మార్చిన రోజు మళ్ళీ ఇదే కథ. చివరికి హోంలో లోకల్ బిన్ డైరెక్టరీలో నోడ్ పేరుతో ఒక సింలింక్ (అసలు ఫైలుకి దారి చూపే లింకు) పెట్టాం, ఆ డైరెక్టరీ ఇద్దరికీ కావాల్సిన పాత్‌లో ఉంది. నోడ్ మారిస్తే ఆ లింకు మార్చాలి, ఆ మాట కూడా అదే ఫైల్లో కామెంట్‌గా రాయించా.

కాపలాలో రిటర్న్ బదులు ఎగ్జిట్ రాస్తే ఏమవుతుంది అని కుర్రాడు మంచి ప్రశ్న అడిగాడు. బాష్‌ఆర్‌సీ వేరే ప్రోగ్రాం కాదు, ఆ షెల్లే దాన్ని తనలోకి చదువుకుంటుంది, ఎగ్జిట్ అంటే షెల్లే చచ్చిపోతుంది, మనం పంపిన కమాండ్ మొదలే అవ్వదు. ఆర్‌సింక్ అయితే కనెక్షన్ అనుకోకుండా మూసుకుపోయింది, సున్నా బైట్లు వచ్చాయి అని ఏడుస్తుంది. అందుకే ఈ ఫైళ్ళు మార్చేటప్పుడు ఒక లాగిన్ తెరిచే ఉంచుకోండి, రెండో కిటికీలో కొత్తగా లాగిన్ అయి చూశాకే మొదటిది మూయండి, తలుపు మూసుకుపోతే తెరవడానికి లోపల ఒకరు ఉండాలి.

నమస్కారం తీసేద్దామా అని అడిగాడు, మొహం చిన్నబోయింది. తీయొద్దన్నా. అది ముచ్చట కోసం పెట్టింది కాదు. అంతకుముందు ఒకసారి టెస్ట్ సర్వర్ అనుకుని అసలు సర్వర్ మీద కమాండ్ కొట్టేశారట, అప్పటి నుంచి లాగిన్ అవ్వగానే "నమస్కారం, ఇది అసలు సర్వర్, జాగ్రత్త" అని కనపడాలని పెట్టాడు. మంచి ఆలోచన. కాపలా కింద పెట్టాం, దానికి తోడు ప్రాంప్ట్‌లో సర్వర్ పేరు ఎర్ర రంగులో వచ్చేలా చేశాం, ఎందుకంటే పలకరింపు నాలుగు కమాండ్ల తర్వాత పైకి జరిగిపోతుంది, ప్రాంప్ట్ ప్రతి లైనులోనూ కళ్ళ ముందే ఉంటుంది.

మెసేజ్ ఎందుకు రాలేదు

ఇది నా వైపు తప్పు, అందుకే విడిగా రాస్తున్నా. బ్యాకప్ స్క్రిప్టులో ఆర్‌సింక్ అవుట్‌పుట్‌ని పైప్‌తో టీ కమాండ్‌కి పంపి లాగ్ ఫైల్లో పెట్టా, ఆ తర్వాత $? చూసి సున్నా కాకపోతే మెసేజ్ పంపమన్నా. పైప్ ఉన్నప్పుడు $? లో వచ్చేది చివరి కమాండ్ ఫలితం, అంటే టీ ది. ఆర్‌సింక్ ఎగ్జిట్ కోడ్ 2 అని చెప్తూనే ఉంది, టీ మాత్రం నా పని నేను చేశా అని సున్నా ఇస్తూ వచ్చింది. ఇరవైమూడు రాత్రులు అలాగే జరిగింది. లాగ్‌లో అయినా కనపడాలి కదా అంటే, ఎప్పుడో ఒక అనవసరమైన హెచ్చరిక చిరాకు పెడుతోందని ఎర్రర్ దారిని /డెవ్/నల్‌లోకి (ఏది పంపినా మాయమయ్యే చోటు) పంపేశా, అది కూడా నేనే. స్క్రిప్టు పెట్టిన రోజు ఒక్కసారి కావాలని ఫెయిల్ చేసి మెసేజ్ వస్తుందో లేదో చూసుంటే ఆ రోజే బయటపడేది. ఓనర్ గారికి ఇది నా తప్పని ఫోన్లో కాకుండా వెళ్ళి కూర్చుని చెప్పా.

ఇప్పుడు స్క్రిప్టు పైన పైప్‌ఫెయిల్ ఆప్షన్ ఉంది, పైప్‌లో ఏ కమాండ్ ఫెయిలైనా మొత్తం ఫెయిల్ కిందే లెక్క. నల్‌లోకి ఏమీ వెళ్ళట్లేదు, ఎర్రర్లు కూడా లాగ్‌లోకే. ఆర్‌సింక్‌కి ముందు ఆ ట్రూ పరీక్ష నడుస్తుంది, ఒక్క బైటు వచ్చినా ఆగి, ఆ వచ్చింది ఏంటో మెసేజ్‌లోనే పంపుతుంది. పని బాగా జరిగినా రోజూ ఒక చిన్న మెసేజ్ వస్తుంది, ఎన్ని ఫైళ్ళు, ఎంత సైజు అని. ఫెయిలైతేనే చెప్పు అన్న పద్ధతిలో మౌనానికి రెండు అర్థాలు ఉంటాయి, ఆ రెండో అర్థమే మమ్మల్ని ముంచింది.

బ్యాకప్‌కి విడిగా ఒక యూజర్ని కూడా పెట్టాం. ముందు నేను అనుకున్నది ఎస్ఎస్‌హెచ్ కీ మీద ఆర్‌సింక్, ఆ ట్రూ పరీక్ష, ఈ రెండే నడవాలి అని కట్టడి పెడితే చాలు, బాష్‌ఆర్‌సీ గొడవ ఉండదు అని. కానీ ఆ కట్టడి కమాండ్ కూడా ఆ యూజర్ షెల్ ద్వారానే నడుస్తుంది, బాష్‌ఆర్‌సీ అప్పుడూ చదువుతుంది. కట్టడి భద్రతకి మంచిదే, ఉంచాం. నిశ్శబ్దం మాత్రం వచ్చింది విడి యూజర్ వల్ల, ఆ హోం డైరెక్టరీలోకి ఎవరూ రోజువారీ పనికి వెళ్ళరు, ఎవరూ అలంకరించరు.

నెల తర్వాత

కుర్రాడే ఫోన్ చేశాడు, ఈసారి అతని మ్యాక్ గురించి. ఆఫీసు బాక్సు నుంచి మ్యాక్‌కి ఏదో కాపీ చేస్తుంటే ఆగిపోతోందట. మ్యాక్‌లో 2019లో వచ్చిన కాటలీనా నుంచి డిఫాల్ట్ షెల్ జెడ్ఎస్‌హెచ్, అందులో ఫైళ్ళ లెక్క వేరు. డాట్ జెడ్ఎస్‌హెచ్ఆర్‌సీ మనిషి ఉన్నప్పుడే చదువుతుంది, డాట్ జెడ్ఎస్‌హెచ్ఎన్వ్ మాత్రం ఎవరు పిలిచినా చదువుతుంది. నేను అది చెప్పబోతుంటే అతనే ఆపాడు.

"ఆగన్నా, బయట నుంచి ట్రూ కొట్టి ఫైల్లో పెట్టి చూశా, 11 బైట్లు వచ్చాయి. జెడ్ఎస్‌హెచ్ఎన్వ్‌లో ఎప్పుడో పాత్ చెక్ చెయ్యడానికి పెట్టుకున్న ఎకో ఒకటి ఉండిపోయింది. తీసేశా, ఇప్పుడు సున్నా. నీకు చెప్దామనే చేశా."